అమ్మ మొక్కిన బోగదా

మా అమ్మకు నా ఊపిరి మీద ఉన్నంత అనుమానం లోకంలో మరి దేనిమీదా ఉండేది కాదు. నాకు ముప్ఫై అయిదేళ్ళు దాటి, ఇద్దరు పిల్లలు పుట్టి, పొలంలో కూలివాళ్ళకి అన్నం గిన్నెలు సైకిలుకి కట్టుకుని రోజూ పోయొస్తున్నా సరే, నన్ను చూడగానే ఆమె అడిగే మొదటి మాట "ఆయాసమేమన్నా వచ్చిందా?" అని. రాలేదంటే నమ్మేది కాదు. నేను చెప్పే కబుర్లు వింటున్నట్టే ఉండి, మాటకీ మాటకీ మధ్య నేను గాలి పీల్చుకునే చప్పుడు వినేది.

ఆమె అనుమానంలో తప్పు లేదు. మాది అద్దంకి వైపు పల్లెటూరు. నల్లరేగడి నేల, పత్తి, మిరప. మాఘం వచ్చేసరికి ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎండే మిరపకాయలతో ఎర్రబడేవి. కాయ తిరగేసినప్పుడు లేచే ఘాటుకి ఊళ్ళో చంటిపిల్లలు కూడా అలవాటు పడిపోయేవాళ్ళు. నేను పడలేదు. ఆ రోజుల్లో రాత్రంతా నా గుండెల్లో పిల్లికూతలు. బడి కల్లాలని ఆనుకునే ఉండేది కాబట్టి నన్ను బడికి పంపలేదు. నాన్నే వసారాలో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. రాయించడం కన్నా పైకి చదివించడం ఎక్కువ. "ఒక్క ఊపిరికి ఎందాకా పోగలవో పోమ్మా. ఆయాసం వచ్చినచోట ఆగు, అందులో సిగ్గేం లేదు" అనేవాడు. నేను ఆగినచోట పెన్సిలుతో గుర్తు పెట్టి, మర్నాడు ఆ గుర్తుని ఒక్క మాట అవతలికి జరిపేవాడు. నాకు వచ్చిన కాస్త చదువూ అలా మాట తరవాత మాటగా వచ్చిందే. అంత ఓపిక గల తండ్రిని ఇచ్చావని ఈ రోజుకీ దీపం పెట్టగానే దేవుడికి ముందు ఆ మాటే చెప్పుకుంటాను.

నాకు ఆరేడేళ్ళప్పుడు శివరాత్రికని మహానంది బయల్దేరాం. అప్పట్లో నల్లమల దాటి పోయేది చిన్న రైలు. మీటరుగేజి పట్టాలు, బొగ్గు ఇంజను. గిద్దలూరు దాటాక అడవిలో కొండని తొలిచి పట్టాలు వేసిన చోటు ఒకటుంది. పుస్తకాల్లో సొరంగమని రాస్తారు గానీ, మా వైపు అందరూ బోగదా అనే అంటారు. రైలు అందులోకి దూరబోతుండగా పెట్టెలో కిటికీలన్నీ దించేశారు. అయినా పొగ సందుల్లోంచి లోపలికి వచ్చేసింది. నాకు ఊపిరి అందలేదు. ఆ చీకట్లో అమ్మకి నేను కనపడటం లేదు, గుండెల్లో కూత మాత్రం వినపడుతోంది. కాసేపటికి అదీ వినపడలేదట.

బోగదా దాటి అవతలి నోటి దగ్గర రైలు ఆగింది. అమ్మ నన్ను భుజాన వేసుకుని కిందికి దిగిపోయింది. పట్టాలు చూసుకునే గ్యాంగువాళ్ళు అక్కడ కొండరాతికి పసుపు రాసి, బొట్లు పెట్టి అమ్మవారిని నిలుపుకున్నారు. అమ్మ నన్ను ఆ రాతి ముందు పడుకోబెట్టి మొక్కింది. "తల్లీ, నా బిడ్డకి ఊపిరియ్యి. దాని ఊపిరి మీద దాన్ని ఆ చివర్నించి ఈ చివరికి రప్పించి, నీకు పొంగలి పెట్టిస్తా." చల్లగాలి తగిలి నేను కళ్ళు తెరిచాను. గార్డు ఈల వేశాడు. మళ్ళీ రైలెక్కాం.

మొక్కడమైతే మొక్కింది గానీ తీర్చే దారి లేదు. రైళ్ళు తిరిగే బోగదాలో మనుషుల్ని ఎవరు నడవనిస్తారు? నాన్న ఒకసారి వెళ్ళి గ్యాంగు మేస్త్రీని బతిమాలితే, "మీరు అమ్మవారికి మొక్కుకున్నారు, బాగానే ఉందండీ. మధ్యలో గూడ్సుబండి వస్తే మేం ఎవరికి మొక్కుకోవాలి?" అన్నాడట. రైల్లో దాటినా చెల్లుతుందని ఊళ్ళో అయ్యగారు చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు. "రైలుది బొగ్గు ఊపిరి. నేను మొక్కింది నా బిడ్డ ఊపిరికి" అనేది. వయసొచ్చేసరికి నా ఉబ్బసం దానంతటదే వదిలిపోయింది. పెళ్ళయింది. నాన్న పోయాడు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. నాకు చిన్న దగ్గు వచ్చినా అమ్మ నల్లమల దిక్కుకి తిరిగి దండం పెట్టేది.

ఆ లైనుని పెద్ద రైలు లైనుగా మార్చడం తొంభైల్లో జరిగింది. కొండ దగ్గర వేరే బోగదా తొలిచి, పాతదాన్ని వదిలేశారు. పట్టాలు పీకి, చెక్క స్లీపర్లు ఎత్తుకుపోయారు. తరవాత అడవి శాఖ వాళ్ళు కంకర పక్కకి లాగి, జీపు తిరగడానికని బాట చదును చేశారు. పాలవాళ్ళు, చింతపండు బస్తాల వాళ్ళు సైకిళ్ళ మీద ఆ బాటనే పోవడం మొదలుపెట్టారు.

ఈ కబురు తెచ్చింది మా అన్నయ్య భార్య. వదిన పుట్టిల్లు గిద్దలూరు పక్కనే. రెండువేలు దాటిన కొత్తల్లో, పుట్టింటి నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా వాకిట్లోంచే కేకేసింది.

"అత్తా! నీ బోగదాలో సైకిళ్ళు పోతన్నాయి!"

అమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. "ఏ బోగదా?"

"ఎన్ని బోగదాలకి మొక్కావేంటి? అదే. పట్టాలు లేవు, రైళ్ళు లేవు. మా నాన్న మొన్న పొయ్యొచ్చాడు. పైనించి రాళ్ళు రాలతన్నాయని వానల్లోపు గేటు పెట్టి తాళం వేస్తారంట. పోతే ఇప్పుడే పోవాల."

ఆ రోజు నేనూ మావారూ అక్కడే ఉన్నాం. అమ్మ నా వంక చూసింది. ఆ చూపులో ఆశ ఎంతుందో భయమూ అంతే ఉంది. బాట మొదలయ్యే చోటు నుంచి బోగదా నోటి దాకా అయిదారు మైళ్ళు అడవిలో పోవాలి, మధ్యాహ్నానికల్లా తిరిగి రావాలి. నడకతో అయ్యే పని కాదని వదిన తేల్చేసింది.

"సైకిలు మీద పోతే మొక్కు చెల్లుద్దా?" అంది అమ్మ.

"సైకిల్లో బొగ్గు వెయ్యరు కదండీ అత్తయ్యగారూ" అన్నారు మావారు. "తొక్కే మనిషి ఊపిరే దానికి బొగ్గు."

అమ్మ చాట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అవున్లే. సైకిలంటే దాని కాళ్ళే, దాని ఊపిరే" అంది. మళ్ళీ అంతలోనే, "మరి మధ్యలో ఆయాసమొస్తే?"

నాకు సైకిలు వచ్చు. పెళ్ళయిన కొత్తల్లో మావారే, కాయ ఎత్తేసిన ఖాళీ కల్లంలో, పడినా దెబ్బ తగలదని ఆ అలికిన నేల మీద నేర్పించారు. ఎండలో, ఎదురుగాలిలో తొక్కిన కాళ్ళే. బోగదా గురించి నాకు బెంగ లేదు. నేను ఆ చీకట్లో దగ్గుతూ దిగిపోతే మొక్కు తీరకపోవడం ఒక్కటే కాదు, అమ్మ ఇన్నేళ్ళూ పడ్డ భయం నిజమేనని నేను చేతులారా చూపించినట్టవుతుంది. ఇక బతికినన్నాళ్ళూ ఆమె నా ఊపిరి లెక్కపెట్టుకుంటూనే కూర్చుంటుంది. నా బెంగంతా అది.

మాఘ ఆదివారం అమ్మవారికి మంచిదని ఆ రోజే అనుకున్నాం. మొదటి కోత కాయ కల్లంలో ఉంది కాబట్టి కాపలాకి అన్నయ్య ఆగిపోయాడు. మిగిలిన నలుగురం వినుకొండలో రైలెక్కాం. నా సైకిలు సామాన్లు వేసే బ్రేకు వ్యానులో వేశాం. వదినకి పుట్టింట్లో సైకిలుంది. రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారగానే అమ్మా మావారూ పొంగలి సామానుతో ప్యాసింజరు ఎక్కారు. కొత్త బోగదాలోంచి కొండ దాటి, అవతలి స్టేషన్లో దిగి, బండి కట్టించుకుని పాత బోగదా అవతలి నోటి దగ్గరికి వస్తారు. రైలు కదలబోతుంటే అమ్మ వదినని కిటికీ దగ్గరికి పిలిచి, ఒక గుడ్డమూట చేతిలో పెట్టి ఏదో గుసగుసగా చెప్పింది. వదిన గంగిరెద్దులా తలూపింది.

మేమిద్దరం సైకిళ్ళెక్కాం. చలి కరుస్తోంది. పాత రైలుకట్ట మీద బాట కనపడీ కనపడనంత ఎగువగా, గుట్టల్ని చుట్టుకుంటూ పోతోంది. రైలు కోసం వేసిన దారి కదా, ఎక్కడా ఉన్నట్టుండి ఎక్కడం గానీ దూకడం గానీ లేదు. వాగుల మీద ఇటుక తూములు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఎండిన టేకాకులు చక్రాల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. వదిన నా వెనకే వస్తూ చిన్నప్పుడు ఈ కట్ట మీద ఎన్ని మేకల్ని తోలిందో, ఎన్ని రైళ్ళకి చెయ్యూపిందో చెబుతూనే ఉంది. నేను మాట్లాడలేదు. ఊపిరి దాచుకుంటున్నాను.

ఒక మలుపు తిరగ్గానే బోగదా నోరు ఎదురైంది. చెక్కిన రాళ్ళ కమాను. పైభాగమంతా ఏళ్ళ తరబడి ఇంజన్లు వదిలిన మసి. సైకిలు దిగి నిలబడ్డాను. లోపల నాలుగు బారల దాకా నేల కనపడుతోంది, ఆ తరవాత ఏమీ లేదు.

నేను దండం పెట్టుకుని సైకిలు ముందుకి తొయ్యబోతుంటే వదిన హ్యాండిలు పట్టుకుంది.

"ఆగు. మీ అమ్మ నాచేత ఒట్టేయించుకుంది. దిష్టి తియ్యకుండా నిన్ను లోపలికి పోనివ్వకూడదంట."

గుడ్డమూట విప్పింది. లోపల కళ్ళుప్పు, మా కల్లంలోని కొత్త మిరపకాయలు. మొదటి కోత కాయ. గుప్పెడు పైనే ఉన్నాయి.

"మూడు కాయలు చాలు కదా వదినా?"

"ఆరేళ్ళప్పటి నించి పేరుకున్న దిష్టి. మూడు కాయలకి పోద్దా? నోరు మూసుకుని తూర్పుకి తిరుగు."

నా తల చుట్టూ గుప్పిట తిప్పి, నాచేత ముమ్మారు ఉమ్మించి, ఎండుటాకులు పోగేసి అగ్గిపుల్ల గీసింది. కాయలూ ఉప్పూ మంటలో వేసింది. ఉప్పు చిటపటలాడింది.

ఇంటి దగ్గర ఎన్నిసార్లు చెయ్యలేదు ఈ పని! వాకిట్లో వేస్తాం, పొగ పైకి పోతుంది, మనం నాలుగడుగులు వెనక్కి తగ్గుతాం, అయిపోతుంది. చుట్టూ చదునైన నేల ఉండి, నెత్తిన ఆకాశం ఉన్న వాళ్ళం మేం. పొగ పైకి తప్ప మరో దిక్కుకి పోతుందని మాకేం తెలుసు? ఆ పొగ లేచీ లేవకముందే వంగింది. సాయంత్రం గొడ్డు తన కొట్టంలోకి తాను పోయినట్టు, తిన్నగా బోగదాలోకి నడిచిపోయింది. చలి పొద్దున బయటికన్నా లోపల వెచ్చగా ఉండి గాలిని లాక్కుంటుందని తరవాతెప్పుడో మావారు చెప్పారు. అప్పుడు మాత్రం ఇద్దరం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాం.

ముందు వదినకే తెలిసింది. "ఓసి నా చేతులు పడిపోనూ!" అంటూ మంటని కాలితో తన్నింది. దాంతో కాయలు చెదిరి ఇంకా పొగ లేచింది. మట్టి దోసిళ్ళతో ఎత్తిపోసింది. పోస్తూ తుమ్మింది, తుమ్ముతూ పోసింది. నాకూ తుమ్ములు. కళ్ళల్లో నీళ్ళు. ఆఖరికి మంట ఆరింది గానీ, పోయిన పొగ పోనే పోయింది.

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఒకటి మాత్రం నిజమే. ఇంత ఘాటొచ్చిందంటే నీకసలు దిష్టే లేదు" అంది.

నాకు నవ్వాగలేదు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక, ఊపిరి చివర సన్నగా, ఎన్నో ఏళ్ళుగా వినని కూత వినపడింది.

వదిన కూడా విన్నది. ఆమె మొహంలో రంగు మారిపోయింది. "వెనక్కి పోదాం పద. అమ్మవారు వద్దంటంది. మీ అమ్మ కాళ్ళు పట్టుకుని నేనే చెప్పుకుంటా. తప్పు నాది, నీది కాదు."

"కాసేపు కూర్చోనీ వదినా" అన్నాను.

కమాను పక్కన రాతి మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే అవతలి నోటి దగ్గర పొయ్యి రాజేసుకుని, ఈ చీకటి వంక చూస్తున్న అమ్మే కనపడుతోంది. ఇది కావాలి, అది కావాలి అని దేవుణ్ణి అడగడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. ఇచ్చినవి చెప్పుకోవడమే తెలుసు. చెప్పుకున్నాను. వసారాలో పెన్సిలు గుర్తు జరిపిన నాన్నని ఇచ్చావు. కల్లంలో సైకిలు వెనక చెమటలు కక్కుతూ పరిగెత్తిన మనిషిని ఇచ్చావు. తప్పు నాది అనడానికి వెనకాడని వదినని ఇచ్చావు. ఈ పొద్దుటి దాకా ఊపిరి ఇచ్చావు. చెప్పుకుంటూ పోతే చాలానే ఉన్నాయి. అవన్నీ అయ్యేసరికి కమాను మీద ఎండ పడింది. కూత ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. లోపలి నుంచి వచ్చే వాసన కూడా పలచబడింది.

సీసాలో నీళ్ళతో కొంగు తడిపి, ముక్కుకీ నోటికీ అడ్డం కట్టుకున్నాను. డైనమోని చక్రానికి ఆనించాను.

"నా వెనకే రా వదినా."

"నువ్వు పోతే నేనెక్కడికి పోతాను? పద, తల్లీ" అంది. ఆమె సైకిలుకి దీపం లేదు.

లోపలికి పోయిన కాసేపటికే వెనక వెలుతురు చిన్నదైపోయింది. డైనమో దీపం ఎంత తొక్కితే అంత. గట్టిగా తొక్కితే ముందు నాలుగు గజాల నేల తెల్లగా కనపడుతుంది. నెమ్మదిస్తే పసుపు రంగుకి, ఇంకా నెమ్మదిస్తే ఆరబోయే నిప్పు రంగుకి దిగిపోతుంది. ఆగి ఊపిరి తీసుకుందామంటే చీకటే. నా చక్రాల చప్పుడు నాకే నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తోంది. పైనుంచి ఎక్కడో నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి. గోడలకి కొంత కొంత దూరాన మనిషి పట్టేంత గూళ్ళు. రైలొస్తే గ్యాంగువాళ్ళు ఒదిగి నిలబడటానికి కట్టినవి. వదిన ఆపకుండా బెల్లు కొడుతోంది.

"ఎందుకా బెల్లు?"

"ఎలుగ్గొడ్డు ఉంటే తప్పుకుంటదని."

"తప్పుకోకపోతే?"

"ముందున్నది నువ్వేగా!"

నడి బోగదాలో ఘాటు మా కోసం కాచుకుని ఉంది. ముందరి వెలుతురు ఇంకా రాలేదు, వెనకటిది పోయింది. తడి కొంగులోంచి కూడా గొంతులో గుచ్చుకుంది. గుండె బిగిసింది. రెండు తొక్కులకి ఊపిరి చాలడం లేదు. దీపం ఎర్రబడింది. ఇక దిగిపోదామని కాలు కింద పెట్టబోయాను కూడా. అప్పుడే పక్కన ఒక గూడు కనపడింది. ఈ గూటి నుంచి ఆ గూటికి, అనుకున్నాను. ఒక్క మాట అవతలికి. అంతే. మనసులో కేశవనామాలు మొదలుపెట్టాను. నామానికి ఒక తొక్కు. తరవాతి గూడు వచ్చింది. ఊపిరి కొంచెం తీసుకున్నాను. మళ్ళీ గూడు. తొందరపడలేదు, ఆగనూ లేదు. దీపం పసుపు రంగులో నిలిచింది. దాన్ని తెల్లగా చెయ్యాలని నేను చూడలేదు. ఆరిపోకుండా ఉంటే చాలనుకున్నాను.

వెనక నుంచి గుండెలు చీలిపోయేలా దగ్గు. కంగారుగా పిలిచాను. "వదినా! ఉన్నావా?"

"ఉన్నా... నీ ఉబ్బసమేదో నాకు తగులుకున్నట్టుందే" అంది దగ్గుల మధ్య. "నువ్వు పో, నేనొస్తా."

ఆ మాటతో నా గుండె ఎందుకో వదులైంది. ఇద్దరిలో దగ్గేది నేను కాదు! గూళ్ళు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. చీకట్లో నువ్వుగింజంత తెల్లటి చుక్క ఒకటి పుట్టింది. మొదట కంట్లో నీటిచుక్క అనుకున్నాను. రెప్పలార్చినా పోలేదు. నువ్వుగింజ కందిగింజయింది, కందిగింజ రూపాయి బిళ్ళంతయింది. ఎదురుగా వచ్చే గాలి శుభ్రంగా ఉంది. కొంగు విప్పేశాను. కాళ్ళలోకి ఎక్కడి సత్తువ వచ్చిందో గానీ దీపం తెల్లగా వెలిగింది. అప్పటికి దానితో పనే లేదు. ఆ వెలుతురులోకి, ఎండలోకి, పచ్చటి వెదురు పొదల మధ్యకి, బెల్లు కొట్టుకుంటూ వచ్చిపడ్డాను.

అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుమ్ముతోంది. మావారూ తుమ్ముతూనే ఎదురొచ్చారు.

ఏం జరిగిందో ఆయన చెప్పారు. మేం అవతల కూర్చుని ఉండగానే పొగ ఇవతలికి వచ్చేసిందట. వాసన తగలగానే అమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "మన కాయే! మన కల్లంలో కాయే ఇది! పిల్ల ఆ నోటికి చేరింది, దిష్టి తీసేశారు" అని పొయ్యి మీద ఎసరు పెట్టించింది. కాసేపటికి ఆమెకే తట్టింది, ఆ పొగ వచ్చిన దారినే నేను రావాలని. అప్పటి నుంచీ కూలబడి ఒకటే ఏడుపు. "దిష్టి తియ్యమన్నదీ తనే, తీశారని ఏడ్చిందీ తనే. లోపలికి పోతానంటే పట్టుకోవడం నా వల్ల కాలేదు" అన్నారు.

అమ్మ ఇవేవీ వినడం లేదు. నా గుండెల వంకే చూస్తోంది. నాకు అర్థమైంది. మాట్లాడకుండా నిలబడి నిండుగా ఊపిరి పీల్చి వదిలాను. మళ్ళీ పీల్చి వదిలాను. చప్పుడు లేదు. అమ్మ దగ్గరికొచ్చి నా వీపుకి చెవి ఆనించింది. అప్పటికీ నమ్మకం చాలక, అప్పుడే బయటికొచ్చిన వదినని అడిగింది. "నీకేమన్నా కూత వినపడతందా అమ్మాయ్?"

"నా దగ్గే నాకు సరిపోతందత్తా! కోడలి ఊపిరికి ఎవరూ మొక్కుకోరుగా" అంది వదిన.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాన్న పోయిన తరవాత ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

గ్యాంగువాళ్ళు లేక అమ్మవారి రాయి వెలవెలబోయి ఉంది. నాచు పట్టింది. ముగ్గురం కడిగాం. అమ్మ తన చేత్తో పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, పచ్చగాజులు తొడిగించినట్టు రాతి కింద ఉంచింది. పొంగలి పొంగింది. నేను అమ్మవారికి దండం పెట్టి, ఆ తరవాత వెనక్కి తిరిగి బోగదాకి కూడా పెట్టాను. ఎవరి చేతులు ఆ రాతిని తొలిచాయో, అందులో ఎంతమంది ఊపిరి బిగబట్టి పనిచేశారో నాకు తెలియదు. వాళ్ళ దయ వల్లే నాకా దారి దొరికింది.

విస్తరాకుల్లో పొంగలి తిన్నాక మావారు గడియారం చూసుకున్నారు. "అత్తయ్యగారూ, మనం స్టేషనుకి బయల్దేరదామండీ. ఈ రైలు తప్పితే మళ్ళీ సాయంత్రానికి గానీ లేదు."

"నేను రైలెక్కను" అంది అమ్మ.

"మరి?"

అమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. నా సైకిలు దగ్గరికి వచ్చి క్యారియరు తట్టింది. "దీని మీద మిరపకాయల మూట మొయ్యవా ఏంటి నువ్వు? నేనంత బరువు కూడా ఉండను."

"అమ్మా, లోపల చీకటి."

"దాన్నేగా ఇన్నేళ్ళూ చూసింది, చూడకుండా. ఎక్కించుకో."

మావారు ఏదో అనబోయారు. వదిన ఆయనకి పొంగలి గిన్నె అందించింది. "అన్నయ్యా, మీరు నా వెనక కూర్చోండి. గిన్నె జాగ్రత్త. పడేస్తే మా అత్త ఊరుకోదు." ఆడమనిషి వెనక క్యారియరు మీద గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మావారి మొహం చూసి, బండివాడు తలపాగా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పోయేటప్పుడు ఎగువ కదా, తిరిగొచ్చేటప్పుడు అంతా దిగువ. ఘాటు లేదు. అమ్మ ఒక చెయ్యి నా నడుం చుట్టూ వేసింది. చీకటి మొదలు కాగానే ఆ చెయ్యి బిగిసింది. ఇంకాస్త పోయాక, ఇంకా బిగిసింది.

"మాట్లాడుతూ తొక్కవే" అంది నెమ్మదిగా.

ఆయాసం ఉన్న మనిషికి మాట రాదని ఆమెకి తెలుసు. నేను మొదలుపెట్టాను. గోడల్లో గూళ్ళు చూపించి అవి ఎందుకో చెప్పాను. పైన మసి చూపించాను. వదిన మంట ఆర్పిన తీరు చెప్పాను. పెద్దాడు లెక్కల్లో తెచ్చుకున్న మార్కులు, చిన్నది పళ్ళు ఊడి మాట్లాడే తీరు, పత్తికి పట్టిన పురుగు, ఈ ఏడు కాయ రంగు తేలిన సంగతి, ఒకటేమిటి? గాలి ఎక్కడ పీలుస్తున్నానో ఎక్కడ వదులుతున్నానో నాకే తెలియలేదు. అమ్మ "ఊ" కొడుతోంది, మధ్యలో ఏదో అడుగుతోంది. నడి బోగదా దాటిపోయింది. నడుం మీద చెయ్యి ఎప్పుడు వదులైందో గమనించలేదు. ఎదురుగా వెలుతురు గుమ్మమంత పెద్దదైంది, కమాను రాళ్ళు లెక్కపెట్టొచ్చు. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.

"అబ్బబ్బ, కాస్త ఆపవే తల్లీ" అంది అమ్మ వెనక నుంచి. "నీ మాటలు వినలేక నాకు ఆయాసమొస్తంది."

నేను ఆపలేదు.